మిల్లు మీది హిందీ క్లాసు

పాలమూరులో స్టేషన్ రోడ్డు మీద ఒక పల్లికాయ మిల్లు ఉండేది. మిల్లు మీద ఒకటే గది. గది తలుపు పక్కన రేకు బోర్డు మీద "ఇచ్చట హిందీ పరీక్షలకు శిక్షణ ఇవ్వబడును" అని రాసి ఉండేది. ఆ బోర్డు రాసింది నేనే. అక్షరాలు బాగానే వచ్చాయి. శిక్షణే కొంచెం వెనకబడి ఉండేది.

అక్కడ కూడేది నలుగురం. నలుగురమూ మగవాళ్ళమే, నలుగురి మనసూ మగవాళ్ళ మీదికే పోయేది. అట్లాంటివాళ్ళను పిలవడానికి ఆ రోజుల్లో మా జిల్లాలో మర్యాదైన మాట ఒక్కటీ లేదు. మర్యాద లేని మాటలు మాత్రం పుష్కలంగా ఉండేవి. వానలు, బియ్యం, బస్సులు అన్నిటికీ కరువున్న జిల్లాలో కరువు లేనిది అదొక్కటే.

కొత్త రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. ఉర్దూలో చదువుకున్న గుమాస్తాలు తెలుగు దిద్దుకుంటున్నారు, తెలుగులో చదువుకున్నవాళ్ళు హిందీ దిద్దుకుంటున్నారు. సాయంత్రం పూట ఎవరు ఏ మెట్లెక్కినా "పరీక్షుంది" అంటే చాలు, ఊరు తలూపేది. పెళ్లికాని మగవాళ్ళు నలుగురు ఒక గదిలో చేరి తలుపు దగ్గరికి వేసుకోవడానికి ఇంతకంటే గౌరవమైన కారణం నాకు దొరకలేదు.

నేను హైదరాబాదులో బి.ఏ. చదివి, ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తాగా పాలమూరుకు వచ్చినవాణ్ణి. మా ఊరు కల్వకుర్తి దిక్కు. నాయిన పోయాడు, అమ్మా చెల్లే ఊళ్ళో ఉండేవాళ్ళు. గదికి వచ్చే మిగతా ముగ్గురిలో ఒకడు బజారులో దర్జీ. ఇంకొకడు మిషన్ దవాఖానలో కాంపౌండరు, ఆదివారం పొద్దున చర్చిలో పాడి సాయంత్రం మా దగ్గర పాడేవాడు. మూడోవాడు మిల్లు యజమానికి ఒక్కడే కొడుకు, అతన్నే మేం మిల్లు ఆయన అనేవాళ్ళం. గది అతనిది. అంటే వాళ్ళ బాపుది. తాళంచెవి మాత్రం అతని మొలతాడుకు ఉండేది.

ఆ గదిలో ఏం జరిగేదో చెబితే చదివేవాళ్ళు నిరాశపడతారు. క్యారం ఆడేవాళ్ళం. కింది హోటలు నుంచి చాయ తెప్పించుకునేవాళ్ళం. పల్లిపొట్టు దుమ్ముకు తుమ్మేవాళ్ళం. దర్జీ ఎవరో టీచరమ్మకు కుట్టిన రవికె తెచ్చి, "కుట్టు సరిగ్గ పడ్డదా లేదా చూస్తున్న" అంటూ తనే తొడుక్కుని కిటికీ అద్దంలో చాలాసేపు చూసుకునేవాడు. కుట్టు ఎప్పుడూ సరిగ్గానే పడేది. మిల్లు ఆయన వాళ్ళ బాపు బేరమాడే తీరును ఆడి చూపేవాడు. అంతే. కానీ చేతులు ఎట్లా తిప్పుతున్నామో, ఎవరి దిక్కు ఎంతసేపు చూస్తున్నామో కనిపెట్టుకోకుండా ఆ కాసేపు కూర్చునేవాళ్ళం. ఆ సుఖం ఎప్పుడూ కనిపెట్టుకుని బతికేవాళ్ళకే తెలుస్తుంది.

ఒకసారి ప్రమాదం ముంచుకొచ్చింది. ఒక ముసలి పట్వారి నిజంగానే హిందీ నేర్చుకుంటానని మెట్లెక్కి వచ్చాడు. వద్దనడానికి వీల్లేదు, బోర్డు బయటే ఉంది. ఆయన వచ్చిన సాయంత్రాలు నేను 'మై, హమ్' అని పాఠం చెబుతుంటే దర్జీ, కాంపౌండరు, మిల్లు ఆయన బుద్ధిమంతుల్లా వరసన కూర్చుని అప్పజెప్పేవాళ్ళు. ఆయన పరీక్ష పాసై మిఠాయి పంచి వెళ్ళిపోయాడు. మా సంస్థ సాధించిన విజయం అదొక్కటే.

ఇప్పుడు అసలు మాటకు రావాలి. గదిలో మేం ఒకరినొకరం 'బావా' అని పిలుచుకునేవాళ్ళం. ఈ ఏర్పాటు కాంపౌండరుది. మొదట్లో దర్జీ అందరినీ అన్నా, అన్నా అనేవాడు. కాంపౌండరు ఒకనాడు అడ్డం పడ్డాడు.

"అన్నా అంటే ముచ్చట ఆడికే ఖతం గాదురా? ఆని భుజం మీద చెయ్యేస్తే పాపమొస్తది."

"మరేమనాలె?" అన్నాడు దర్జీ.

"బావా అను. బావ మీద చెయ్యేస్తే ఎవడేమంటడు? బావను ఎకసెక్కమాడితే ఎవడేమంటడు? బావతోని ఆడకుంటే ఎవనితోని ఆడుతవ్?"

అది కాదనలేని మాట. తెలుగులో మగవాడు మగవాడితో సరసమాడినా ఎవరూ తల తిప్పి చూడని వరస అదొక్కటే. మేం దానిలో దూరి తలుపేసుకున్నాం. అయితే ఆ మాటకు ఇంకో కొస ఉంది. ఇంట్లో పెళ్లికాని చెల్లె ఉన్నవాడు పెళ్లికాని తమ కులం పిల్లవాణ్ణి బావా అన్నాడంటే, పిల్లనిస్తామన్నట్టే మా వైపు లెక్క. అందుకని మెట్లు దిగేటప్పుడు ఆ మాట మింగెయ్యాలని నియమం పెట్టుకున్నాం. దర్జీకీ కాంపౌండరుకూ ఆ బెంగ లేదు, వాళ్ళ కులాలు వేరు. నాకూ మిల్లు ఆయనకూ ఉంది. ఇంటిపేర్లు వేరు, కులం ఒకటి. సంబంధం కలుపుకోవడానికి మావాళ్ళు ఇంతకంటే ఎక్కువ ఏనాడూ అడగలేదు.

మా ఇద్దరి సంగతి మిగతా ఇద్దరికీ తెలుసు. దాన్ని ఏమనాలో మాకే తెలీదు. అతను నాకంటే రెండేళ్ళు పెద్ద. క్యారంలో నేను ఓడిపోతుంటే నా కాయలను తన స్ట్రయికరుతో మెల్లగా జేబు దాకా తోసేవాడు. అంతకు మించి ఎవరైనా నా కోసం అబద్ధమాడిన జ్ఞాపకం లేదు.

ఒక సాయంత్రం అతను ఆలస్యంగా వచ్చాడు. ఇంట్లో పెళ్లిమాటలు నడుస్తున్నాయట.

"బాపు కొట్టినా సరే, చంపినా సరే, నేను చేసుకోను" అన్నాడు. "గీ గది ఇడిచిపెట్టి నేనెక్కడికి పోత బావా?"

"ఉత్త మాటలొద్దు, ఒట్టెయ్" అని దర్జీ మెడలోని టేపు తీసి అతని ముందు పట్టాడు. దర్జీకి టేపే దేవుడు. మిల్లు ఆయన నవ్వకుండా టేపు మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. చెయ్యి తీసినాక నా దిక్కు చూశాడు. నేను నమ్మాను. బి.ఏ.లో తర్కశాస్త్రం కూడా ఒక సబ్జెక్టు నాకు.

ఆ ఏడు పల్లి చేన్లు పీకే రోజుల్లో నేను సెలవు పెట్టి ఊరికి పోయాను. ఒక మధ్యాహ్నం మా వాకిట్లో లారీ ఆగింది. కాయ కొనడానికి చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ మిల్లు ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అతన్ని మా వాకిట్లో చూస్తానని నేను ఎన్నడూ అనుకోలేదు. ప్రాణం లేచొచ్చింది, నోరు దానికంటే ముందు లేచింది.

"బావా! గిప్పుడా వచ్చుడు? రా, కాళ్ళు గడుక్కో!"

అప్పటికే చెంబుతో నీళ్ళు తెస్తున్న చెల్లె గడపలో ఆగిపోయింది. చెంబు అక్కడే పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. జల్లెడ పడుతున్న అమ్మ జల్లెడ ఆపింది. మిల్లు ఆయన చెంబందుకుని, ఏమీ కానట్టే కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం తిని, కాయ ధర ముచ్చట చెప్పి, లారీ ఎక్కి పోయాడు. లారీ దుమ్ము ఇంకా సద్దుమణగలేదు, అమ్మ మొదలుపెట్టింది.

"ఎవరు కొడుకా గా పిలగాడు?"

"పాలమూరుల మిల్లు వాళ్ళు. దోస్తు."

"ఏమోళ్ళు?"

"మనోళ్ళే."

"గందుకే బావా అన్నవా?"

"ఊకె అన్ననమ్మా. అలవాటు."

"ఊకె అంటరా కొడుకా, చెల్లె ఇంట్ల ఉండంగ?"

ఈ ప్రశ్నకు జవాబుగా నేను చెప్పగలిగిన అబద్ధాలన్నీ ఆ మాట కంటే పలచగా ఉన్నాయి. చెప్పగలిగిన నిజం అసలు లేదు. నేను జల్లెడ అందుకుని కాసేపు పట్టాను. అమ్మ దాన్ని సిగ్గనుకుంది.

పాలమూరు తిరిగి వస్తూ బస్సులో నేను పెద్దగా ఫికర్ పడలేదు. అమ్మ మా మేనమామను వాళ్ళింటికి పంపుతుందని తెలుసు. పంపనీ అనుకున్నాను. అవతల టేపు మీద ఒట్టేసినవాడు ఉన్నాడు. ఏదో సాకు చెప్పి తప్పించేస్తాడు. ఆదివారం గదిలో నలుగురం కూర్చుని దీని మీద కడుపు చెక్కలయ్యేలా నవ్వుకుంటాం. నా నోటి తొందర మీద కాంపౌండరు ఒక పాట కూడా కడతాడు.

ఆ ఆదివారం నేను అందరికంటే ముందే మెట్లెక్కాను. అతనొక్కడే క్యారంబోర్డుకు పౌడరు రాస్తున్నాడు.

"కథ విన్నవా బావా? మా మామ మీ ఇంటికి రాబోతుండు. ఉబ్బసమను, జాతకం కలువలేదను, ఏదో ఒకటి సెప్పి పంపించు" అన్నాను నవ్వుతూ.

అతను పౌడరు రాయడం ఆపలేదు.

"మీ మామ మొన్ననే వచ్చిపోయిండు."

"మరి ఏమన్నరు?"

"బాపు నన్నడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"మంచిదన్న."

ఒప్పుకోవడానికి తెలుగులో అంత చిన్న మాట ఉండకూడదు. కనీసం ఒక సమాసమైనా ఉండాలి, నోరు తిరక్క మనిషి మధ్యలో ఆగి ఆలోచించుకుంటాడు.

"ఒట్టేసినవ్ గద" అన్నాను. చిన్నపిల్లవాడిలా వినబడింది నాకే.

"నువ్వే ఆలోచించు బావా. రేపటిసంది ఎవనికి జవాబు చెప్పాలె మనం? మీ ఇంటికి నేనొస్త, నా ఇంటికి నువ్వొస్తవ్. తలుపేసుకునే పనే లేదు. నువ్వు బావా అని పిలిచినంక నాకు గదే తోచింది."

"నీకు తోచింది మంచిగనే ఉన్నది. మా చెల్లెకేం తోచాలె?"

"ఆమెకేం తక్కువ చేస్త? బంగారం లెక్క చూసుకుంట."

"బంగారాన్ని పెట్టెల వెట్టి తాళమేస్తరు."

అతను పౌడరు డబ్బా మూత బిగించాడు. నేనే అడిగాను, "మరి గీ గది?"

"గదెక్కడికి పోతది?" అన్నాడు. అది మాత్రం నిజమే చెప్పాడు. గది ఎక్కడికీ పోలేదు.

నేను ఊరికి పరుగెత్తాను. పిల్లవాడికి ఉబ్బసమని అమ్మతో చెప్పాను. "పల్లి దుమ్ముల ఉన్నోనికి దగ్గు రాదా?" అంది అమ్మ. అతని గుణం మంచిది కాదన్నాను. "గుణం లేనోన్ని బావా అని వాకిట్ల నిలబెట్టి పిలిచినవా?" అని మామ అడిగాడు. అసలు కారణం ఒక్కటే ఉంది. అది చెబితే పెళ్లి ఆగుతుంది, దానితోపాటు నేనూ దర్జీ కాంపౌండరూ ఊళ్ళో తిరగడం కూడా ఆగుతుంది. చివరకు చెల్లెను పెరట్లో పట్టుకుని "నీకిష్టమేనా?" అని అడిగాను. అది పూలచెట్టుకు నీళ్ళు పోస్తూ తలెత్తకుండా అంది: "నువ్వు బావా అన్నవంటే మంచోడే అయ్యుంటడు గదన్నా."

లగ్నం పెట్టుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం మిల్లు దగ్గరికి పోయేసరికి దర్జీ, కాంపౌండరు మెట్ల కింద నిలబడి ఉన్నారు. పైన ఎవరో గోడలకు సున్నం కొడుతున్నారు. రేకు బోర్డు మెట్ల పక్కన బోర్లా పడి ఉంది. కూలీ ఒకడు దాని మీద సున్నం బకెట్ పెట్టుకున్నాడు. యజమాని ఇల్లు ఇరుకట. కొత్త జంటకు మిల్లు మీది గది ఇస్తున్నారట.

దర్జీ నన్ను చూసి కాంపౌండరుతో అన్నాడు, నాతో కాదు: "చెల్లె పెండ్లికి అన్న ఏమో అరణమియ్యాలె గదా. బిందెలు, మంచాలు అందరిస్తరు. గీన మన జాగనే ఇచ్చిండు."

"నాకు తెల్వదు" అన్నాను.

"తెల్వకుంటనే అయితయా సంబంధాలు? మేమంటే సదువు లేనోల్లం. బి.ఏ. సదివినోనికి తెల్వదా?"

"ఒట్టు బావా, నాకు..."

"ఒట్టా?" అన్నాడు దర్జీ, మెడలోని టేపు చేత్తో పట్టుకుని. "గీ ముచ్చట్ల ఇగ దీని మీద ఎవ్వన్ని ఒట్టెయ్యనియ్య. మైల వడ్డది." ఆ మాటకు మామూలు రోజైతే ముగ్గురం నవ్వేవాళ్ళం.

కాంపౌండరు మధ్యలోకి వచ్చాడు. "పోనీరా. ఆదివారం పొద్దటి పాటలే పాడుకుంట నేను. దేవునికన్న లాభమొస్తది." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పెళ్లిలో బామ్మర్దికి బట్టలు పెట్టడం ఆచారం. మిల్లు యజమాని గుడ్డ కొని ఆ దర్జీకే ఇచ్చాడు. దర్జీ నన్ను కొలతకు పిలవలేదు, నా కొలతలు అతనికి ఎప్పటినుంచో తెలుసు. చొక్కా అన్ని చోట్లా చక్కగా కుదిరింది, మెడ దగ్గర తప్ప. మెడ దగ్గర అరంగుళం తక్కువ పెట్టాడు. దర్జీ చేతిలో అంతకు మించిన ఆయుధం ఉండదు. గుండీ పెట్టుకుంటే ఊపిరాడలేదు, విప్పితే అమ్మ ఊరుకోలేదు. కన్యాదానం మామా అత్తా చేశారు. పేలాలు పోసే పని మాత్రం తోడబుట్టినవాడే చెయ్యాలన్నాడు పెళ్లి చేయిస్తున్న అయ్యగారు. చెల్లె దోసిలి పట్టింది, ఆ దోసిలి కింద అతని దోసిలి. నేను చాటలోంచి పేలాలు పోశాను. కింది చేతులు నాకు తెలిసిన చేతులే, మిల్లు యంత్రం పట్టా కోసిన మచ్చతో సహా. అవి ఒక్క పేలమూ జారనియ్యలేదు.

పెళ్లయినాక మేం ముగ్గురం కూర్చునే జాగ కోసం తిరిగాం. రైల్వే ప్లాట్‌ఫారం మీద బెంచీ ప్రయత్నించాం. ప్లాట్‌ఫారం టికెట్టు కొని, ఏ బండీ ఎక్కకుండా, ఎవరినీ దింపుకోకుండా కూర్చునేసరికి స్టేషను జవాను మా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. హోటల్లో చాయ తాగి లేవకపోతే పిల్లలు బల్ల తుడుస్తూ మోచేతులు కూడా తుడిచేవారు. దర్జీ రావడం మానేశాడు. చివరకు కాంపౌండరే అన్నాడు:

"గా మిల్లు మెట్లు ఎక్కే హక్కు ఇప్పుడు నీకొక్కనికే ఉన్నది బావా. పోయి అడుగు. కింద గోదాం పక్కన చిన్నర్ర ఖాళీగనే ఉన్నది. ఆదివారం పూట గడియసేపు ఇస్తే సాలు. దర్జీగాణ్ణి నేను తోల్కొస్త. నేను హోటల్ల కూసుంట, నువ్వు పోయిరా."

నేను మెట్లెక్కాను. గది తెల్లగా ఉంది. క్యారంబోర్డు ఉండే మూల పొయ్యి వెలిసింది. చెల్లె నన్ను చూసి పిండి చేతులతోనే ఎదురొచ్చింది. అతను మంచం మీంచి లేచాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి."

చెల్లె నవ్వింది. "చూడన్నా, వచ్చినకాడినుంచి నీ ముచ్చటొస్తే సారు సారంటడు. బామ్మర్దీ అనుమంటే అనడు. నీ సదువంటే భయం."

"భయం కాదు, మర్యాద" అన్నాడు అతను, నా దిక్కు చూడకుండా.

వరస నిజంగా కలిసిన నాటినుంచి అతను నన్ను వరసతో పిలవలేదు. నేనూ అతన్ని పిలవలేకపోయాను. అందరి ముందూ గట్టిగా పిలిచే హక్కు వచ్చినాక ఆ పిలుపు గొంతులోనే ఉండిపోయింది.

చెల్లె బిందె తీసుకుని కింద పంపు దగ్గరికి పోయింది. నేను అడిగాను.

"గోదాం పక్కన అర్ర ఖాళీగ ఉన్నదట గద. ఆదివారం సాయంత్రం గడియసేపు ఇస్తే..."

"ఎవరికి సార్?"

గుర్తు లేక అడుగుతున్నాడా అని అతని ముఖంలోకి చూశాను. గుర్తుంది. గుర్తున్నదనే అడుగుతున్నాడు.

"కాంపౌండరుకు. దర్జీకి. నాకు."

అతను కిటికీ దగ్గరికి పోయి కింద పంపు దిక్కు చూశాడు. "ఇంట్ల ఆడమనిషి ఉన్నది సార్. అసొంటోల్లు మెట్ల కాడ తిరిగితే మంచిగుండది."

"ఆ ఆడమనిషి మా చెల్లె" అన్నాను.

"గందుకే చెప్తున్న."

"అసొంటోల్లంటే ఎసొంటోల్లు?"

అతను మెత్తగా, మాట జారకుండా చూసుకుంటూ అన్నాడు: "మీరెందుకు సార్ మిమ్మల్ని అండ్ల కలుపుకుంటరు? మీరు మా ఇంటిమనిషి. ఎప్పుడన్న రావచ్చు, తినవచ్చు, పోవచ్చు. ఎవడేమంటడు?"

మెట్ల మీద బిందె చప్పుడైంది. అతను చటుక్కున కిటికీ వదిలి మంచం మీద కూర్చుని, ఈ ఏడు కాయ పంట ఎట్లుందని మా ఊరి సంగతి అడిగాడు. బాగానే ఉందన్నాను. చెల్లె బిందె దించి, పెనం మీద జొన్నరొట్టె వేసి, ఎర్రగా కాలినాక నా పళ్ళెంలో పెట్టింది. పక్కన పల్లి చట్నీ వేసింది.

"ఇంకొకటెయ్యాల్నా అన్నా?"

వద్దనడానికి ఒక కారణం కోసం వెతికాను. ఆ ఇంట్లో పైకి చెప్పుకోదగిన కారణం ఒక్కటీ దొరకలేదు. వెయ్యమన్నాను. కింద హోటల్లో కాంపౌండరు రోడ్డు దిక్కు తిరిగి కూర్చుని ఉంటాడు, చాయ చల్లారిపోయి ఉంటుంది. నేను రొట్టెను చిన్నచిన్న ముక్కలుగా తుంచుకుని మెల్లగా తిన్నాను.